ద్రుపదుని మాట

బాల్యస్నేహం చెడిపోవడానికి పెద్ద కారణం అక్కరలేదు. ఒక్క మాట చాలును. ఈ విషయాన్ని మన సాహిత్యంలో మిక్కిలి లోతుగా చూపిన ఘట్టం ఆదిపర్వంలోని ద్రోణ ద్రుపదుల కథ అని మా అభిప్రాయం. 11వ శతాబ్దిలో నన్నయభట్టు తెనిగించిన ఆ ఘట్టాన్ని మన విద్యార్థులు సాధారణంగా పద్యాల సొగసు కోసమో, పరీక్షలో ప్రతిపదార్థం కోసమో చదువుతారు. ఆరు, ఏడు తరగతుల పిల్లల మధ్య నడిచే వ్యవహారంగా దానిని ఒకసారి చదివి చూడాలన్నదే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

ద్రుపదుడు పాంచాల రాజైన పృషతుని కుమారుడు. ద్రోణుడు భరద్వాజ మహర్షి కుమారుడు. తండ్రులు స్నేహితులు. కొడుకులు కలిసి ఆడుకున్నారు, కలిసి విద్య నేర్చారు. తాను రాజైననాడు తన భోగభాగ్యాలలో ద్రోణునికీ పాలుంటుందని ద్రుపదుడు మాట ఇచ్చాడు. ఆ వయసులో పిల్లలు ఇటువంటి మాటలు అబద్ధానికి అనరు. ద్రోణుడు ఆ మాటను మనసులో దాచుకున్నాడు.

కాలం గడిచింది. ఒకడు రాజయ్యాడు, మరొకడు పేద బ్రాహ్మణ గృహస్థుగా మిగిలాడు. ధనికుల పిల్లలు పాలు తాగుతుంటే చూసి అశ్వత్థామ తనకూ కావాలని ఏడ్చాడు. పిండి కలిపిన నీళ్ళు తాగించగా అవే పాలనుకొని ఆ పసివాడు సంతోషంతో గంతులు వేశాడని, చుట్టూ ఉన్న పిల్లలు పరిహసించారని వ్యాసభారతం చెబుతుంది. ద్రోణుని గడప దాటించింది బిడ్డ ఆకలి ఒక్కటే కాదు; ఆ నవ్వు కూడా. పాత స్నేహం జ్ఞప్తికి తెచ్చుకొని అతడు ద్రుపదుని కొలువుకు వెళ్ళాడు. మిత్రుడా అని పలకరించాడు.

ద్రుపదుని సమాధానం మనకు తెలిసినదే. ధనవంతునికి దరిద్రునితో, పండితునికి మూర్ఖునితో, శూరునికి పిరికివానితో చెలిమి ఎక్కడిది, స్నేహమైనా వివాహమైనా సమానుల మధ్యనే కదా అన్నాడు. ఆ పద్యాలు వినడానికి నీతిపద్యాల వలె ఉంటాయి. అందుకే కాబోలు, మన పిల్లలు వాటిని నీతివాక్యాలుగా వల్లెవేయడం కూడా మేము విన్నాము! ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో విడిచిపెట్టి పద్యాన్ని కంఠస్థం చేయడంలోని ప్రమాదం ఇదే. ఇమ్మని అడిగినవానికి లేదనడం వేరు. నీవు నాకు స్నేహితుడవని అనుకొనడమే తప్పు అనడం వేరు. మొదటిది మరచిపోవచ్చును. రెండవది ద్రోణుడు మరువలేదు.

తరువాతిది పగల పరంపర. ద్రోణుడు గురుదక్షిణగా ద్రుపదుని పట్టి తెప్పించి, సగం రాజ్యం తీసుకొని, ఇప్పుడు మనం సమానులమైనాము కనుక స్నేహితులం కావచ్చునన్నాడు. అది సంధి కాదు, మాటకు మాట. ద్రుపదుడు ద్రోణుని చంపగల కొడుకు కోసం యజ్ఞం చేసి ధృష్టద్యుమ్నుని పొందాడు. యుద్ధంలో ద్రుపదుడు ద్రోణుని చేతిలోను, ద్రోణుడు ధృష్టద్యుమ్నుని చేతిలోను పోయారు. ఆ ధృష్టద్యుమ్నుని రాత్రివేళ నిద్రలో చంపినవాడు, పాల కోసం ఏడ్చిన ఆ అశ్వత్థామే.

భీముని చిన్నతనపు చేష్టలు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కౌరవులు చెట్లెక్కితే మాను పట్టి ఊపి పండ్లతోపాటు వారినీ రాల్చేవాడు. నీళ్ళలో ముంచి ఊపిరాడకుండా పట్టుకొనేవాడు. ఇదంతా బాల్యచాపల్యమే గాని ద్రోహబుద్ధి కాదని వ్యాసుడు స్పష్టంగా అన్నాడు. మంచిదే. కాని ముంచినవాని మనసులో ద్రోహం లేకపోతే మునిగినవానికి ఊపిరి ఆడుతుందా? దుర్యోధనుడు భీమునికి విషాన్నం పెట్టించి తీగలతో కట్టి గంగలో తోయించడం క్షమించరాని నేరమే. ఆ నేరానికి ముందు కొన్ని ఏళ్ళ ఆటలు ఉన్నవన్నది మాత్రం మరువరాదు. అట్లే, అస్త్రవిద్యా ప్రదర్శననాడు సూతపుత్రుడవు, కొరడా పట్టుకొమ్మని నిండుసభలో ఎగతాళి చేయించుకొన్న కర్ణుడు, ఆ వేళ తనను ఆదుకొన్నవాని పక్షాననే చివరిదాకా నిలిచాడు.

ర్యాగింగ్‌ను నిషేధిస్తూ 1997లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. అది అవసరమే. అయితే ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరి మధ్య మెల్లగా పడే మాటను ఏ చట్టం వింటుంది? ఒకరినొకరు పరిహసించుకొనవద్దని, ఎగతాళి పేర్లతో పిలుచుకొనవద్దని పవిత్ర ఖురాన్ హుజురాత్ సూరా 11వ వాక్యంలో ఆదేశం ఉన్నది. పేరు పెట్టడాన్ని అంత ప్రత్యేకంగా ఎందుకు నిషేధించవలసి వచ్చిందో మాకు ఏడవ తరగతిలోనే తెలిసింది.

మా ఇంట ఉర్దూ, బడిలో తెలుగు. ఉర్దూలో నీరు పుంలింగం, ఏకవచనం. ఒకనాడు కుళాయి చూసి వచ్చి, తరగతిలో అందరూ వింటుండగా “నీళ్ళు వచ్చాడు” అన్నాము. అదే మా పేరైంది. మేము గుమ్మంలో అడుగు పెట్టగానే “అదిగో, నీళ్ళు వచ్చాడు” అనేవారు. మా పక్కన కూర్చొనే మిత్రుడు మాత్రం అననివాడు. సాయంత్రాలు చెరువుగట్టు మీద కూర్చోబెట్టి ఏది వచ్చాడో, ఏది వచ్చిందో, ఏవి వచ్చాయో ఓపికగా దిద్దినవాడు అతడే. ఒకరోజు అందరితోపాటు అతడూ నవ్వాడు. నవ్వాడు, అంతే, ఏమీ అనలేదు. మేము లేచి, “ముందు నీ ఒంటి మీది చొక్కా ఎవరిదో చెప్పు” అన్నాము. అది వాళ్ళ నాన్న పనిచేసే ఇంటివారు ఇచ్చిన పాత చొక్కా. ఆ సంగతి మాకొక్కరికే చెప్పుకొన్నాడు.

తరగతి మళ్ళీ నవ్వింది, ఈసారి మావైపు నుంచి. అతడు మరునాడు వెనుక బల్లకు మారాడు. తప్పు మాది కదా, మేమే వెళ్ళి పలకరించి ఉండవచ్చును. ముందు నవ్వినవాడు అతడే కదా అనే లెక్క మమ్మల్ని కదలనీయలేదు. పరీక్షలైన తరువాత వాళ్ళ కుటుంబం ఆ ఊరు విడిచిపోయింది.

పోతన భాగవతం దశమస్కంధంలో కుచేలోపాఖ్యానం చెప్పేటప్పుడు మేము కొంచెం ఆగేది అందుకే. కుచేలుడు చినిగిన బట్టతో, అటుకుల మూటతో ద్వారకకు వచ్చాడు. సిగ్గుతో నోరు విప్పలేదు. గురుకులపు రోజులను మొదట ఎత్తినవాడు కృష్ణుడు. సాందీపని ఆశ్రమంలో ఉండగా కట్టెల కోసం అడవికి వెళ్ళి గాలివానలో చిక్కుకొన్న సంగతి తానే తలచుకొని చెప్పాడు. దాచిన అటుకులు తానే అడిగి తీసుకొన్నాడు. ద్రోణునికి పాత చెలిమిని తానే గుర్తుచేయవలసి వచ్చింది. కుచేలునికి ఆ అవసరం కలగలేదు. సంపదలు తరువాతి మాట.

మన కళాశాలలో ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చినవారు, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు ఒకే గదిలో కూర్చుంటారు. ఒకరి ఉచ్చారణ ఇంకొకరికి వింతగా వినిపించడం సహజం. వ్యాకరణ తరగతిలో మహద్వాచకాలు, అమహద్వాచకాలు చెప్పవలసి వచ్చినప్పుడు మొదటి ఉదాహరణగా మేము నల్లబల్ల మీద “నీళ్ళు వచ్చాయి” అని రాస్తాము. విద్యార్థులు రాసుకొంటారు. వారికి అందులో నవ్వవలసినది ఏమీ కనిపించదు.