మూడు ఇళ్లకు ఒక్క ప్రసారం చాలు

ఉపగ్రహం ఒక వీడియోను మూడు సమాన భాగాలుగా పంపిందనుకుందాం. మొదటి ఇంటికి ఒకటో భాగం, రెండో ఇంటికి రెండోది, మూడో ఇంటికి మూడోది అందలేదు. తక్కిన రెండు భాగాలూ ప్రతి ఇంటి రిసీవర్‌లో ఉన్నాయి. మూడు భాగాలనూ మళ్లీ పంపాల్సిందేనా? అక్కర్లేదు.

ఆ భాగాలు వరుసగా 1011, 0110, 0011 అనుకుందాం. వాటిని ఒకదాని కింద ఒకటి రాసి, ప్రతి నిలువు వరుసలోని 1లను లెక్కపెట్టాలి. బేసి సంఖ్య వస్తే 1, సరి సంఖ్య వస్తే 0 వేయాలి. జవాబు 1110. ఉపగ్రహం ఇదొక్కటే పంపుతుంది. మొదటి ఇంటి రిసీవర్ దీని కింద తన దగ్గరున్న 0110, 0011లను ఉంచి అదే లెక్క చేస్తే, అందని 1011 వచ్చేస్తుంది. మిగతా రెండు ఇళ్లలోనూ ఇంతే.

ఇలాంటి ప్రసార పద్ధతిని 1998లో ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ పరిశోధకులు బిర్క్, కోల్ ప్రతిపాదించారు. ఇప్పుడు దీన్ని ‘ఇండెక్స్ కోడింగ్’ అంటున్నారు. రేడియో తరంగాల పట్టీ పరిమితం కాబట్టి ఈ పొదుపు విలువైనది. అయితే ఎవరి దగ్గర ఏముందో పంపేవారికి తెలియాలి. రిసీవర్లు పెరిగేకొద్దీ, కనీసం ఎన్ని ప్రసారాలు సరిపోతాయో తేల్చడం కంప్యూటర్లకూ కష్టమే.