ఆపరేషన్ కాగితం చదవడం నేర్చుకుందాం



మన సొసైటీకి వచ్చే సహాయ దరఖాస్తుల్లో ఆపరేషన్లకు సంబంధించినవి ఎప్పుడూ ఉంటాయి. వాటికి ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్ కాగితం జతచేసి ఉంటుంది. అందులో రోగి పేరు, వయసు, చివరనున్న రూపాయల అంకె మనకు అర్థమవుతాయి. మధ్యలో ఆపరేషన్ పేరు రాసిన లైను మాత్రం అర్థం కాదు. అందుకే మన చూపు నేరుగా అంకె మీదికి పోతుంది. ఆ లైను చదవకపోతే ఏమవుతుందో నా అనుభవంతోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ల క్రితం, ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే ఒక హమాలీ కొడుకు జుమా నమాజు తర్వాత కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "చాచా, అబ్బాకు హెర్నియా ఆపరేషన్ చేయాలంటున్నారు" అన్నాడు. హెర్నియాతో ఏళ్ల తరబడి బెల్టు కట్టుకుని తిరిగేవాళ్లను చూసినవాణ్ణి నేను. "ఆదివారం కమిటీ ఉంది బేటా, అందులో పెడతాను" అని కాగితాన్ని ఫైల్లో పెట్టాను. హెర్నియా పక్కనే 'అబ్‌స్ట్రక్టెడ్' అని ఇంకో మాట ఉంది. చూశాను, దాటేశాను. బయటికి జారిన పేగు ఇరుక్కుని దారి మూసుకుపోయిందని దాని అర్థం. గంటల్లో తేల్చాల్సిన వ్యవహారం అది. శనివారం రాత్రి ఆపరేషన్ జరిగేసరికి పేగు కొంత భాగం నల్లబడింది. దాన్ని కోసి తీసేశారు. అల్లాహ్ దయవల్ల ప్రాణం దక్కింది కానీ ఆయన మళ్లీ బస్తా ఎత్తలేదు.

ఆ శుక్రవారం ఆ కుటుంబానికి డబ్బు కంటే ముందు ఒక మాట కావలసింది: "ఈ క్షణమే ఎంజీఎం క్యాజువాలిటీకి తీసుకుపో". ఆ మాట చెప్పడానికి వైద్యం చదివి ఉండనక్కరలేదు. కాగితం చదవడం వస్తే చాలు. ఆ తర్వాత ఒక సర్జన్ మిత్రుడి దగ్గర కూర్చుని నేను నేర్చుకున్న పాఠాన్ని మీ ముందు పెడుతున్నాను.

పేరు చివరను చూడండి

ఆపరేషన్ల పేర్లు చాలావరకు గ్రీకు, లాటిన్ ముక్కలతో అతికించినవి. ముందు ముక్క శరీర భాగాన్ని చెబుతుంది. చివరి ముక్క ఆ భాగానికి ఏం చేస్తారో చెబుతుంది. చివరి ముక్కలు ఆరు గుర్తుంటే సగం కాగితాలు చదవగలం.

'ఎక్టమీ' అంటే కోసి తీసివేయడం. అపెండిసెక్టమీ అంటే అపెండిక్స్‌ను, హిస్టరెక్టమీ అంటే గర్భసంచిని, మాస్టెక్టమీ అంటే రొమ్మును తీసివేయడం.

'ఓటమీ' అంటే కోసి తెరవడం. మన తెలుగు ఓటమితో దీనికి సంబంధం లేదు. లాపరాటమీ అంటే పొట్ట తెరిచి చూసి, లోపల కావలసిన చికిత్స చేయడం.

'ఓస్టమీ' అంటే దారి ఏర్పరచడం. ట్రకియాస్టమీలో ఊపిరి ఆడటానికి గొంతు దగ్గర దారి చేస్తారు. కొలాస్టమీలో పెద్దపేగును పొట్ట మీదికి తెచ్చి, మలం సంచిలోకి వచ్చేలా చేస్తారు.

'ప్లాస్టీ' అంటే ఆకారం సరిచేయడం, బాగుచేయడం. ప్లాస్టిక్ పెడతారని కొందరు భయపడతారు, అది అపోహ. 'రఫీ' అంటే కుట్టి బిగించడం. 'స్కోపీ' అంటే గొట్టం, కెమెరాలతో లోపలికి చూడటం.

ఇప్పుడు హెర్నియానే మళ్లీ చూడండి. చిన్నపిల్లలకు సాధారణంగా హెర్నియాటమీ సరిపోతుంది, అంటే జారిన సంచిని కట్టి తీసేస్తారు. హెర్నియోరఫీలో బలహీనపడిన గోడను కుడతారు. హెర్నియోప్లాస్టీలో దోమతెర గుడ్డలాంటి జాలీ వేసి గోడను గట్టి చేస్తారు. రోగం ఒకటే అయినా పేరు చివర మారింది, దానితో ఖర్చూ మారింది. ఒక ఎస్టిమేట్ కంటే ఇంకొకటి ఎందుకు ఎక్కువుందో అడిగే ముందు జాలీ ధర అందులో కలిసిందేమో చూడాలి.

ఒక్క అక్షరం తేడా

కిడ్నీకి ముందు ముక్క 'నెఫ్ర్'. నెఫ్రెక్టమీ అంటే కిడ్నీని తీసేయడం. నెఫ్రాస్టమీ అంటే మూత్రం బయటికి పోవడానికి కిడ్నీలోకి గొట్టం పెట్టడం. నెఫ్రోలిథాటమీ అంటే కిడ్నీలోని రాయిని తీయడం, 'లిథ్' అంటే రాయి. కాగితంలో పీసీఎన్ఎల్ అని ఉంటే వీపు వైపు చిన్న రంధ్రం చేసి రాయి తీస్తారన్నమాట. "అన్నకు కిడ్నీ తీసేస్తారట" అని ఇల్లంతా ఏడుస్తుంటే, కాగితంలో ఉన్నది రాయి తీసే ఆపరేషన్ కావచ్చు. చదివి చెప్పగలిగితే అదే మొదటి సహాయం.

పిత్తాశయం విషయంలో దీనికి తిరుగుడు పొరపాటు జరుగుతుంది. 'లాప్ కోలీ' అని వాడుకలో ఉన్నది లాపరోస్కోపిక్ కోలెసిస్టెక్టమీ. రాళ్లు మాత్రమే తీస్తారని చాలామంది అనుకుంటారు. చివర ఎక్టమీ ఉంది కదా, పిత్తాశయాన్నే రాళ్లతో సహా తీసేస్తారు. పైత్యరసం తయారుచేసేది కాలేయం కాబట్టి, పిత్తాశయం లేకపోయినా మనిషి మామూలుగానే బతుకుతాడు. చిన్న రంధ్రాలతో మొదలుపెట్టి, లోపల పరిస్థితి బాగాలేక పొట్ట తెరవాల్సి వస్తే కాగితంలో 'కన్వర్టెడ్ టు ఓపెన్' అని రాస్తారు. అది రోగి క్షేమం కోసం తీసుకునే నిర్ణయం. దానివల్ల ఆసుపత్రిలో ఉండే రోజులూ, పనికి పోలేని రోజులూ పెరుగుతాయి.

పొట్టి పేర్లు

సీఏబీజీని డాక్టర్లు 'క్యాబేజీ' అని పలుకుతారు. గుండె రక్తనాళాల్లోని అడ్డును తప్పించి కొత్త దారి వేసే బైపాస్ ఆపరేషన్ అది. యాంజియోగ్రామ్ పరీక్ష. పీటీసీఏ అంటే యాంజియోప్లాస్టీ, అది చికిత్స. ఈ రెండింటికీ విడివిడిగా సహాయం అడిగారంటే మోసమనుకోవద్దు. టీకేఆర్ అంటే మోకాలి కీలు మార్పిడి. స్టెంట్ల ధరలకు 2017 ఫిబ్రవరిలో, మోకాలి కృత్రిమ కీళ్ల ధరలకు అదే ఏడాది ఆగస్టులో కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టింది. కాబట్టి బిల్లులో వాటి ధరను విడిగా చూపమని అడగడం తప్పు కాదు.

ఓఆర్ఐఎఫ్ అంటే విరిగిన ఎముకను తెరిచి సరిచేసి ప్లేటు, స్క్రూలతో బిగించడం. ఎస్ఎస్‌జీ అంటే తొడ వంటి చోటు నుంచి పలుచని చర్మం తీసి కాలిన గాయానికో, మానని పుండుకో అతికించడం. టీయూఆర్‌పీ అంటే మూత్రమార్గం గుండా పరికరం పంపి పెరిగిన ప్రోస్టేట్‌ను చెక్కడం. ఫేకో, ఐఓఎల్ అని ఉంటే శుక్లం తీసి కంట్లో లెన్సు పెట్టడం.

ఏవీ ఫిస్టులా దగ్గర జాగ్రత్త. డయాలసిస్ రోగికి చేతిలోని ధమనిని, సిరను కలిపే చిన్న ఆపరేషన్ ఇది. ఆ సిర సూది పెట్టడానికి తయారుకావడానికి సాధారణంగా ఆరు వారాలో, ఇంకా ఎక్కువో పడుతుంది. చిన్నదే కదా అని వెనక్కి నెడితే డయాలసిస్ మొదలయ్యే నాటికి చేయి సిద్ధంగా ఉండదు. ఏవీ అన్న అక్షరాలు లేకుండా ఉత్త ఫిస్టులా అని ఉంటే అది భగందరం కావచ్చు. రెండూ వేరు.

తొందర ఎంత?

ఇక నన్ను తప్పుదారి పట్టించిన మాటల దగ్గరికి వద్దాం. 'ఎలెక్టివ్' అంటే తేదీ చూసుకుని చేసే ఆపరేషన్. 'ఎమర్జెన్సీ' అంటే ఆగకూడనిది. ఈ మాటలు లేకపోయినా రోగం పేరు ముందు వచ్చే విశేషణం సంగతి చెప్పేస్తుంది. అబ్‌స్ట్రక్టెడ్ అంటే మూసుకుపోయింది. స్ట్రాంగ్యులేటెడ్ అంటే ఇరుక్కుని రక్తం అందడం లేదు. పర్ఫరేటెడ్ అంటే రంధ్రం పడింది. రప్చర్డ్ అంటే పగిలింది. టార్షన్ అంటే మెలిపడింది. గాంగ్రీన్ అంటే కుళ్లిపోతోంది. వీటిలో ఏది కనిపించినా కమిటీ తేదీ కోసం చూడకూడదు. రోగి ఇంట్లో ఉంటే వెంటనే ఆసుపత్రికి పంపాలి. 1959లో స్థాపించిన కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ఎంజీఎం మన ఊళ్లోనే ఉంది. డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.

మత్తు, కుట్లు

ఎస్టిమేట్‌లో జీఏ అంటే పూర్తి మత్తు, ఎస్ఏ అంటే వెన్నులో ఇచ్చే స్పైనల్, ఎల్ఏ అంటే ఆ చోటు వరకే మత్తు. మత్తు చరిత్రలో మన హైదరాబాదుకు చోటుంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు పెట్టుకోగా, సర్జన్ ఎడ్వర్డ్ లారీ చొరవతో 1888, 1889 సంవత్సరాల్లో రెండు క్లోరోఫాం కమిషన్లు అక్కడ పనిచేశాయి. క్లోరోఫాం గుండెకు నేరుగా హాని చేయదన్న వారి తీర్పు తర్వాత నిలబడలేదు. మత్తులో ఉన్నవారి శ్వాసను కనిపెట్టి ఉండాలన్న మాట మాత్రం నేటికీ నిజమే. మత్తుకు ముందు కడుపు ఖాళీగా ఉంచమనేది కూడా శ్వాస కోసమే. కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. "ఒక్క గుక్క చాయ్ ఏం కాదు" అని తాగించే చుట్టాన్ని ఆపండి.

కుట్లు ఎప్పుడు విప్పుతారన్నది అందరూ అడిగే ప్రశ్న. లోపల వేసే చాలా కుట్లు వాటంతటవే కరిగిపోతాయి. జంతువుల పేగు నుంచి చేసిన అలాంటి దారం గురించి కొర్డోబా వైద్యుడు అల్ జహ్రావీ వెయ్యేళ్ల క్రితమే రాశాడు. శస్త్రచికిత్సకు కేటాయించిన తన గ్రంథ భాగంలో సుమారు 200 పనిముట్ల బొమ్మలు కూడా ఇచ్చాడు.

సంతకానికి ముందు

ఈ పాఠమంతటికీ ప్రాణం అంగీకార పత్రంలో ఉంది. 1995లో ఢిల్లీలో ఒక మహిళ లాపరోస్కోపీకి, అవసరమైతే లాపరాటమీకి సంతకం చేసింది. ఆమె మత్తులో ఉండగా బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచిని, అండాశయాలను తీసేశారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు, స్కోపీకి ఇచ్చిన అంగీకారం ఎక్టమీకి చెల్లదని తేల్చింది. ప్రాణాపాయం లేనప్పుడు, స్పృహ వచ్చాక నిర్ణయించుకోగల రోగి తరఫున తల్లి అంగీకారం చాలదని చెప్పింది. చూడండి, పేరు చివర ఉన్న ముక్క మీదే కేసు నిలిచింది.

మన ఇళ్లల్లో ఆడవాళ్ల ఆపరేషన్లకు సంతకం మగవాళ్లు చేయడం అలవాటు. గర్భసంచి తొలగింపులు తెలుగు రాష్ట్రాల్లో దేశ సగటు కంటే ఎక్కువ. కాగితంలో టీఏహెచ్ పక్కన బీఎస్ఓ ఉంటే రెండు అండాశయాలూ పోతాయి, ముట్లు నిలవని వయసులో ఉన్న స్త్రీకి ఒక్కసారిగా ఆ దశ వచ్చేస్తుంది. ఆ విషయం ముందుగా తెలియాల్సింది ఆమెకు. ఎల్ఎస్‌సీఎస్ అంటే సిజేరియన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం. తల్లినో బిడ్డనో కాపాడే సిజేరియన్లు ఎన్నో ఉన్నాయి. అందుకే కారణం ఏమిటని మర్యాదగా అడగాలి.

దాతలు అడగవలసినవి

దరఖాస్తు చేతికి రాగానే ఐదు ప్రశ్నలు వేసుకుందాం. ఏ భాగానికి, ఏం చేస్తున్నారు? ఎంత తొందర? ఆరోగ్యశ్రీలో వస్తుందా? జాలీ, స్టెంట్, ప్లేటు లాంటివి లెక్కలో ఉన్నాయా? ఆపరేషన్ తర్వాత ఖర్చు ఏమిటి?

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో దాని పరిమితిని కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. అర్హత ఉన్న కుటుంబాన్ని ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరికి పంపుదాం. ఆపరేషన్ అక్కడ ఉచితంగా జరిగితే మన డబ్బు ఇంకో అవసరానికి మిగులుతుంది. కొలాస్టమీ అయినవారికి మళ్లీ మళ్లీ సంచులు కావాలి. చాలామందికి కొన్ని నెలల తర్వాత ఆ దారి మూసే రెండో ఆపరేషన్ ఉంటుంది. ఎముక బిగించుకున్న ఆటో డ్రైవర్‌కు బండి ఎక్కేదాకా ఇల్లు గడవాలి. ఏ ఎస్టిమేట్‌లోనూ లేని ఈ ఖర్చుల దగ్గరే కుటుంబాలు అప్పుల్లో పడుతున్నాయి.

మా కమిటీలో ఇప్పుడొక నియమం ఉంది. వైద్య దరఖాస్తును వచ్చిన రోజే ఒకరు చదవాలి, అంకె కంటే ముందు మధ్య లైను చదవాలి. అర్థం కాకపోతే అప్పుడే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆ హమాలీ ఇప్పుడు ఒక దుకాణం ముందు కాపలా కూర్చుంటున్నాడు. కనిపించిన ప్రతిసారీ ముందుగా సలాం చెప్పేది ఆయనే. ఈ నియమం ఎందుకు పుట్టిందో ఆయనకు తెలియదు.