కల్లు తాగిన కోడలి భయం

దసరాకు కోడలు రెండు ముంతల కల్లు తాగింది. నెల తప్పిన సంగతి అప్పటికి తెలియదు. ఆశా కార్యకర్త పరీక్ష చేసి చెప్పాక భయం పట్టుకుంది. కడుపు తీయించుకోవాలా అని ఏడ్చింది.

"కల్లు చలువే గదా!" అంది అత్త.

అది నీరా సంగతి. చెట్టు దించిన నీరా గంటల్లోనే పులుస్తుంది. పులిస్తే మత్తే.

నర్సమ్మ ఇలా చెప్పింది: "తల్లి తాగిన మత్తు బొడ్డుతాడు ద్వారా బిడ్డకు చేరుతుంది. ఇంత తాగితే ఫరవాలేదు అనే లెక్క లేదమ్మా. కానీ ఒకనాడు తాగితే బిడ్డకు కీడు తప్పదని కాదు. చాలామందికి మంచి బిడ్డలే పుడతారు. దీనికోసం కడుపు తీయించుకోనక్కర లేదు. ఈరోజే మానెయ్యి. డాక్టరమ్మకు దాచకుండా చెప్పు. ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజూ వేసుకో."

"మా ఆయన మళ్ళీ తెస్తే?"

"వాడికి నేను చెబుతా" అంది అత్త.