చెరువుగట్టు మీద నేర్చుకున్నవి

రిటైరైనవాళ్లు, ఆదివారం పూట తోచనివాళ్లు, పిల్లల్ని కాసేపైనా ఫోన్ నుంచి బయటికి తేవాలనుకునే తల్లిదండ్రులు "మాకూ పిట్టల్ని చూడటం నేర్పండి" అని అడుగుతుంటారు. ఏళ్ల తరబడి చెరువుగట్ల వెంట తిరిగి తెలుసుకున్న సంగతులు కొన్ని వాళ్ల కోసం రాస్తున్నాను.

1. మొదటి ఏడాది దూరం పోకండి.
కొల్లేరు, పులికాట్ ఎక్కడికీ పోవు. ముందు మీ వీధిలో తిరిగే గోరింకనీ, పికిలిపిట్టనీ, తేనెపిట్టనీ చూడగానే పోల్చుకోగలగాలి. కోకిలనే తీసుకోండి. కూ అని కూసేది మగది. నల్లగా నిగనిగలాడుతూ ఎర్రటి కళ్లతో ఉంటుంది. ఆడదేమో గోధుమరంగు ఒంటి మీద తెల్లటి చుక్కలతో ఉండి, కిక్ కిక్ కిక్‌మని గబగబా అరుస్తుంది. పెరట్లో ఉన్న ఆడకోకిలని చూసి ఇదేదో కొత్త పిట్ట అనుకునేవాళ్లే ఎక్కువ. ఎండాకాలం పోతూండగా కాకి తన గూట్లో పెరిగిన కోకిల పిల్లకి మేత పెట్టడం కూడా ఆ పెరట్లోనే చూడొచ్చు.

2. కెమెరా కన్నా ముందు బైనాక్యులర్స్.
దాని మీద 8×42 అని ఉంటే, 8 రెట్లు దగ్గరగా చూపిస్తుందనీ, ముందువైపు అద్దం 42 మిల్లీమీటర్ల వెడల్పనీ అర్థం. అది చాలు. 12 రెట్లదైతే చేతిలో బొమ్మ వణుకుతుంది.

3. రాసుకోండి.
తేదీ, వేళ, చోటు, ఎన్ని ఉన్నాయి, ఏం చేస్తున్నాయి. పేరు తెలియకపోతే ముక్కు ఎలా ఉంది, కాళ్లది ఏ రంగు, తోక ఎంత పొడవు అని రాసి పక్కన చిన్న బొమ్మ గీయండి. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆనాడు ఇక్కడ ఏ పిట్టలుండేవో ఇవాళ మనం చెప్పుకోగలుగుతున్నామంటే ఆయన ఓపిగ్గా రాసిపెట్టబట్టే.

4. చూసిన చోటికే మళ్లీ వెళ్లండి.
నాకు ఈ వ్యాపకంలో అన్నిటికన్నా ఎక్కువ ఆనందాన్నిచ్చింది ఇదే. తొలకరి పడ్డాక చెరువు మీదికి వంగిన తుమ్మచెట్టు ఒకటి చూసుకుని, వారానికి రెండు మూడుసార్లు వెళ్లండి. గిజిగాడు గూడు కట్టే పని మొత్తం కళ్ల ముందు జరుగుతుంది. కట్టేది మగది. మామూలు రోజుల్లో ఊరపిచ్చుకలా ఉండేది కాస్తా ఆ కాలానికి నెత్తి పసుపుపచ్చగా, బుగ్గలు నల్లగా మారుతుంది. వరి ఆకునో, ఈత మట్టనో ముక్కుతో సన్నగా చీల్చి తెచ్చి ముందు కొమ్మకి ముడేస్తుంది. అక్కణ్నుంచి ఒక వలయం, ఆ తర్వాత బోర్లించిన టోపీ ఆకారం. లోపలి గోడకి తడిమట్టి ముద్దలు కూడా అంటిస్తుంది. గూడు సగమయ్యేసరికి రెక్కలు టపటపలాడిస్తూ తలకిందులుగా వేలాడి ఆడదాన్ని పిలుస్తుంది. అది వచ్చి, లోపల దూరి, ఇటూ అటూ లాగి చూస్తుంది. నచ్చితేనే మిగతా గూడు, కిందికి దిగే ఆ పొడుగాటి గొట్టం పూర్తవుతాయి. నచ్చకపోతే ఆ గూడు అంతే, అక్కడే ఆగిపోతుంది. చెట్టుకి వేలాడే సగం గూళ్లన్నీ గాలికి చెడినవి కావు, ఆడపిట్ట వద్దన్నవి కూడా ఉంటాయి. ఒకసారి వెళ్లి ఫొటో తీసుకొచ్చినవాళ్లకి ఈ కథ దొరకదు.

5. అక్కడివాళ్లని అడగండి.
కలివికోడి అనే పిట్ట 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్ ఊరూరా దాని బొమ్మ చూపిస్తూ తిరిగారు. పిట్టలు పట్టే స్థానికుడొకరు రాత్రివేళ టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నారు. అది పగలు పొదల్లో నక్కి, రాత్రి తిరిగే పక్షి. పుస్తకాలు చదివినవాళ్లకి 86 ఏళ్లుగా కనబడనిది అక్కడి చిట్టడవిలో బతికే మనిషికి దొరికింది. తర్వాత ఆ పిట్ట కోసమే లంకమల అడవి అభయారణ్యమైంది, తెలుగుగంగ కాలువ దారి కూడా మళ్లింది. అందుకే చెప్తున్నాను, గొర్రెలకాపరి, చేపలు పట్టే అతను కనిపిస్తే ఆగి పలకరించండి. వాళ్లు చెప్పే పేర్లు రాసుకోండి.

6. అన్నీ సైబీరియా నుంచి రావు.
ఉప్పలపాడులో, తేలినీలాపురంలో గూళ్లు పెట్టే గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ సైబీరియా పక్షులని ఏటా ఎవరో ఒకరు రాస్తారు. అవి మన దక్షిణాసియావే. నీళ్లూ చేపలూ ఉన్నచోటికి మారుతుంటాయి, అంతే. నిజంగా దూరం నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. చలికాలం మన చెరువుల్లో దిగే చారతల బాతులు (బార్ హెడెడ్ గూస్) మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తాయి. తల మీద రెండు నల్లటి చారలుంటాయి, పోల్చుకోవడం తేలిక.

7. గూటి దగ్గరికి పోవద్దు.
ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఉత్తిత్తిపిట్ట గుడ్లు నేల మీదే, రాళ్లలో రాయిలా ఉంటాయి. అది మీ చుట్టూ ఎగిరి గోలచేస్తోందంటే గుడ్లు మీ కాళ్ల దగ్గరే ఉన్నాయని. వెంటనే వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. మీరు నిలబడినంతసేపూ ఎండకి గుడ్లు మాడతాయి, మిమ్మల్ని గమనించే కాకికి చోటు తెలిసిపోతుంది. ఫోన్లో కూత వినిపించి పిట్టని రప్పించడం కూడా మానుకోండి. అది తన జాగాలోకి శత్రువు వచ్చిందనుకుని, మేత మానేసి వెతుక్కుంటుంది.

8. మీ లెక్క పదిమందికీ ఇవ్వండి.
ఏటా ఫిబ్రవరిలో 4 రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. 15 నిమిషాలు ఒకచోట ఉండి కనిపించిన పిట్టల్ని లెక్కపెట్టి ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే సరి, డబ్బు కట్టక్కర్లేదు. మేడ మీద నిలబడి లెక్కపెట్టిన కాకులూ పావురాలూ కూడా అందులోకి వస్తాయి. పిల్లల చేత రాయించండి. మీ ఊరి చెరువు పేరు అక్కడ ఇంకా లేకపోతే వాళ్ల చేతే చేర్పించండి.