బుల్లి ట్రైలరుకు బలమైన ఇరుసు ఎందుకు పనికిరాదు?

ఇసుక దింపేసి ఖాళీగా తిరిగివస్తున్న లారీని మీరు చూసే ఉంటారు. వెళ్ళేటప్పుడు నిండు బరువుతో నిదానంగా ఊగుతూ పోయిన లారీయే, వచ్చేటప్పుడు ప్రతి గుంతలోనూ దడదడమని ఎగిరెగిరి పడుతుంది. రోడ్డు అదే, లారీ అదే, ఇరుసు మీది కమానులూ అవే. మారిందల్లా బరువు ఒక్కటే. బరువు తగ్గితే ప్రయాణం సుఖంగా ఉండాలి గదా, ఇలా ఎందుకవుతుంది?

ఈ చిన్న సంగతి పట్టించుకోక, అమెరికాలో కొందరు తాము కష్టపడి కట్టుకున్న బండిని తామే పాడుచేసుకుంటూ ఉంటారు. సెలవుల్లో కారు వెనుక ఒక బుల్లి ట్రైలరు తగిలించుకుని, అడవులకో సరస్సుల ఒడ్డుకో వెళ్ళి, రాత్రి అందులోనే పడుకోవటం అక్కడ 1930ల నుంచీ ఉన్న సరదా. పక్కనుంచి చూస్తే నీటిబొట్టును పడుకోబెట్టినట్లు ఉంటుంది కనుక దాన్ని 'టియర్‌డ్రాప్' అంటారు, అంటే కన్నీటిబొట్టు అని. 1947లో 'మెకానిక్స్ ఇల్లస్ట్రేటెడ్' అనే పత్రిక దీన్ని ఇంట్లోనే తయారుచేసుకునే పద్ధతిని బొమ్మలతో సహా ప్రచురించింది. పొడవు దాదాపు 8 అడుగులు, వెడల్పు 4 అడుగులు. అంటే ఒక ప్లైవుడ్ షీటు కొలత. లోపల ఇద్దరికి పరుపు. వెనుక తలుపు పైకెత్తితే వంటిల్లు! చెక్కపని కాస్త తెలిసినవారు పెరట్లోనే కట్టేయవచ్చు. ఇరుసును మాత్రం సాధారణంగా కొనుక్కోవాలి. చిక్కు వచ్చేది అక్కడే.

అక్కడి దుకాణాల్లో సులువుగా దొరికే ఇరుసు 3500 పౌండ్లు, అంటే దాదాపు 1600 కిలోలు మోసేది. మన బుల్లి ట్రైలరు, సామానుతో సహా 450 కిలోలు అనుకుందాం. అందులో 50 కిలోల భారం ముందున్న కొక్కెం ద్వారా కారు మీద పడుతుంది. ఇరుసు మోసేది 400 కిలోలే. "పోనీలే, బలంగా ఉంటే మంచిదే గదా, ఎప్పటికీ విరగదు" అని కొనేస్తారు. నిజమే, ఇరుసు విరగదు. విరిగేవి వేరే ఉన్నాయి.

1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన సూత్రాన్ని మీరు చదివే ఉంటారు. స్ప్రింగు మీద బరువు ఎన్ని రెట్లయితే అది అన్ని రెట్లు కుంగుతుంది. 1600 కిలోలకు 8 సెంటీమీటర్లు కుంగే కమాను 400 కిలోలకు 2 సెంటీమీటర్లే కుంగుతుంది. ఇప్పుడొక తమాషా చూడండి. కమాను ఎంత కుంగిందో అంత పొడవున్న లఘులోలకాన్ని ఊపితే దాని ఆవర్తన కాలం ఎంతో, కమాను మీద బండి ఊగే ఆవర్తన కాలం కూడా అంతే! 2 సెంటీమీటర్ల లోలకానికి లెక్కవేయండి. దాదాపు 0.28 సెకను వస్తుంది. అంటే బండి సెకనుకు మూడున్నర సార్లు గడగడలాడుతుంది. అదే 500 కిలోలకు 8 సెంటీమీటర్లు కుంగే కమాను వేస్తే, మన 400 కిలోలకు 6.4 సెంటీమీటర్లు కుంగి, సెకనుకు రెండుసార్లు మాత్రమే నింపాదిగా ఊగుతుంది.

ఇప్పుడు 3 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టు అడ్డం వచ్చిందనుకోండి. చక్రాలు చటుక్కున పైకి లేస్తాయి. జడత్వం వల్ల బండి వెంటనే కదలదు, కమానే నలగాలి. గట్టి కమాను 3 సెంటీమీటర్లు నలిగితే అదనంగా 600 కిలోల బలంతో బండిని పైకి తంతుంది; అంటే అది మోస్తున్న బరువుకు ఒకటిన్నర రెట్లు. మెత్తని కమాను తన్నేది 190 కిలోలతోనే. అంతే లోతు గుంత వచ్చిందా, ఇంకా ఘోరం. గట్టి కమాను కుంగి ఉన్నదే 2 సెంటీమీటర్లు కనుక, ఆపైన చక్రం కిందికి చాచుకుని నేలను అందుకోలేదు. వంటింట్లో గిన్నెలు అటక మీది నుంచి దూకుతాయి, మరలు వదులవుతాయి, అతుకుల దగ్గర ప్లైవుడ్ పగుళ్ళిస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఒక స్కేలును బల్ల అంచున అదిమిపట్టి, కొసన రబ్బరు ముక్క ఉంచి మీటండి. స్కేలు పొడవుగా బయటికి ఉన్నప్పుడూ, పొట్టిగా ఉన్నప్పుడూ ఆ రబ్బరు ముక్క ఎలా ప్రవర్తిస్తుందో చూడండి.

అలాగని మరీ మెత్తనిదీ పనికిరాదు. బరువు హద్దు మీరితే కమాను పూర్తిగా అణగిపోయి ఇరుసు చట్రానికి కొట్టుకుంటుంది. అందుకని పరుపు, పొయ్యి, నీళ్ళు (లీటరుకు కిలో అని మరవకూడదు) అన్నీ కలుపుకొని లెక్కవేసి, దానికి కాస్త పైన మోసేది ఎంచుకోవాలి.

ఎంచుకోవటానికి ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒకటి మన లారీలకు ఉండే పట్టీల కమాను. ఊగేటప్పుడు పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుని ఊపును అణచివేస్తాయి. రెండోది రబ్బరు ఇరుసు. చదరపు ఉక్కు గొట్టంలో మరో చదరపు కడ్డీని 45 డిగ్రీలు తిప్పి ఉంచి, మిగిలిన నాలుగు మూలల్లోనూ రబ్బరు కడ్డీలు దూరుస్తారు. మామూలుగా అవి పట్టవు. గడ్డకట్టేంత చల్లబరిచి, సన్నబడగానే లోపలికి తోస్తారు. వేడెక్కాక ఉబ్బి బిగుసుకుంటాయి. చక్రం పైకి లేచినప్పుడు కడ్డీ మెలితిరిగి రబ్బరును నలుపుతుంది. చప్పుడుండదు, రాపిడి ఉండదు, బండిని నేలకు దగ్గరగా కట్టవచ్చు. అందుకే చాలామంది మోజు దీని మీదనే.

కాని నన్నడిగితే, మొదటిసారి కట్టేవాడికి పట్టీల కమానే మేలు. రబ్బరు ఇరుసును ఎంత బరువుకు కావాలో ముందే చెప్పి చేయించుకోవాలి. ఆ తరువాత బండి బరువు మారితే రబ్బరును మార్చే వీలు లేదు, ఇరుసంతా మార్చవలసిందే. స్వయంగా కట్టే బండి మొదట అనుకున్న బరువులోనే ముగియటం అరుదు. ఒక అర, ఒక బ్యాటరీ చేరుతూనే ఉంటాయి. పట్టీలయితే బలమైన ఇరుసు దూలాన్ని అలాగే ఉంచి, కమానులు మాత్రం తేలికవి వేయవచ్చు.

ఇరుసును ఎక్కడ బిగించాలన్నది భ్రామకాల లెక్క. కొక్కెం నుంచి ఇరుసుకు 270 సెంటీమీటర్లు ఉంటే, 450 కిలోల బండి గరిమనాభి కొక్కెం నుంచి 240 సెంటీమీటర్ల దూరాన, అంటే ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందుండాలి. అప్పుడే ఇరుసు మీద 400, కొక్కెం మీద 50 కిలోలు పడతాయి. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద ఉండటం అవసరం. అంతకన్నా బాగా తగ్గితే, వేగం పెరిగినప్పుడు ట్రైలరు పాము తోకలా అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఒక్కోసారి కారునే తిప్పేస్తుంది. వెనుక వంటింట్లో నిండు నీళ్ళ డబ్బా పెట్టినా ఈ లెక్క తప్పుతుంది. అందుకే తెలిసినవారు సామానంతా సర్దాక చక్రాల కింద ఒకసారి, కొక్కెం కింద ఒకసారి బరువు తూచి చూసుకునిగాని ప్రయాణం కట్టరు.