గోదావరి గట్టున బొమ్మల ఇల్లు



మొన్న ఆదివారం మా కేంద్రం నుంచి పన్నెండుమందిమి రాజమండ్రి వెళ్లాం. పొద్దున్నే దువ్వాడ స్టేషనులో రైలెక్కాం. ఆ ఊరినే ఇప్పుడు రాజమహేంద్రవరం అని రాస్తున్నారు.

ఊళ్లో కోటగుమ్మం అనే చోటు ఉంది. "కోట ఏదమ్మా?" అని మాతో వచ్చిన పెద్దమ్మ అడిగింది. రాజుల నాటి కోట ఇప్పుడు లేదు. పేరు మాత్రం మిగిలింది.

అక్కణ్ణుంచి గోదావరి గట్టుకు వెళ్లాం. అవతలి ఒడ్డు సన్నని గీతలాగా కనిపించింది. 1900లో తెరిచిన పాత రైలు వంతెన ఇంకా నిలబడే ఉంది. 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు.

ఆ గట్టు మీదే దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. చిత్రశాల అంటే బొమ్మలు ఉంచే చోటు.

రామారావు 1897లో పుట్టారు. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఆయన చేతిపని చూసి మెచ్చుకున్నారు. రామారావు బొంబాయి వెళ్లి బొమ్మల చదువు చదివారు. తిరిగొచ్చి మన మనుషుల్నీ, మన గోదావరినీ, కొండల్నీ గీశారు. తోటివాళ్లకూ నేర్పారు. 1925లో మశూచి సోకి చనిపోయారు. మన పెద్దవాళ్లు పెద్దమ్మవారు అనేది ఆ జబ్బునే. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు నిండలేదు. టీకాల వల్ల ఆ జబ్బు మన దేశంలో లేకుండా పోయింది. 1977లో ఆ మాట ప్రకటించారు.

గోదావరి బొమ్మ ముందు అందరం ఆగిపోయాం. ఇందాక గట్టు మీద చూసిన నీళ్లే! గీసిన మనిషి పోయి వందేళ్లయినా నది అందులో పారుతూనే ఉంది.

రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారు. ఈ సంగతి చెప్పగానే మా అక్కలు నోటుబుక్కులు తీశారు. ఆ పేర్లు రాసుకున్నారు. 'ష్ణ' దగ్గర చాలామంది చెయ్యి ఆగింది. అయినా వదల్లేదు.

"ఇంటిపని ఎప్పుడు చేసుకునేవారో!" అంది ఒక అక్క. అందరం నవ్వాం.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఆ అక్కే మళ్లీ అంది. "నేను ముప్పై ఏళ్లుగా ముగ్గులు వేస్తన్నాను. ఒక్కటీ మిగల్లేదు."

అందరం కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆమె నోటుబుక్కు తెరిచి ఒక ముగ్గు వేసింది. కింద తన పేరు రాసింది.

మీరు చెయ్యండి:
1. మీకు వచ్చిన ముగ్గు ఒకటి కాగితం మీద వెయ్యండి.
2. కింద మీ పేరు, ఊరు, తేదీ రాయండి.
3. ఆ ముగ్గు మీకు ఎవరు నేర్పారు? వాళ్ల పేరు కూడా రాయండి.