పాఠం కంటే ముందు పరీక్ష

మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లిలకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మూడూ వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోవే. ఎంబీబీఎస్‌కు 2019లో దేశమంతటా వచ్చిన సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళికే ఇక్కడా నడుస్తోంది. చదువు పూర్తయ్యేసరికి విద్యార్థి ఏ పని చేయగలగాలో ఆ ప్రణాళిక ముందే చెబుతుంది. దాన్ని తరగతిలోకి తేవడమెలాగో బీపీ చూడటమనే ఒక్క పనితో చూద్దాం.

1. లక్ష్యాన్ని పనిగా రాయండి
"రక్తపోటు గురించి తెలుసుకుంటారు" అని రాస్తే కొలవలేం. "కూర్చున్న మనిషికి బీపీ సరిగ్గా చూసి, నమోదు చేస్తారు" అని రాయండి.

2. పరీక్షను ముందే తయారుచేయండి
పనిని ముక్కలు చేసి చెక్‌లిస్ట్ రాయండి. మనిషిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారా? వీపుకు ఆసరా ఉందా? పాదాలు నేలకు ఆనాయా? కఫ్ చొక్కా మీద కాకుండా ఒంటికే చుట్టారా? చేయి గుండె ఎత్తులో ఉందా? ముందు నాడి పట్టుకుని బీపీని అంచనా వేశారా? కఫ్ ఒత్తిడిని సెకనుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున దించారా? 1975లో రోనాల్డ్ హార్డెన్ బృందం స్కాట్లాండ్‌లోని డండీ నుంచి ప్రకటించిన ఓస్కీ (OSCE) అనే ప్రాక్టికల్ పరీక్షకు ప్రాణం ఇదే: అందరికీ ఒకే పని, ఒకే సమయం, ఒకే చెక్‌లిస్ట్. వైవాలో ఒకరికి తేలిక ప్రశ్న, ఇంకొకరికి చిక్కు ప్రశ్న పడే అన్యాయం ఇందులో ఉండదు.

3. పరీక్షను బట్టి పాఠం చెప్పండి
టీచర్ చేసి చూపాలి. విద్యార్థి గమనించాలి, సాయం పట్టాలి, ఆపైన తానే చేయాలి. చెక్‌లిస్ట్‌ను మొదటిరోజే పిల్లల చేతికివ్వండి. అందులో దాచాల్సిందేమీ లేదు.

4. తప్పును అక్కడికక్కడే దిద్దండి
"చేయి కిందికి వేలాడింది, అందుకే అంకె ఎక్కువొచ్చింది. మళ్లీ చూడమ్మా" అని అప్పుడే చెబితే ఆ పొరపాటు గుర్తుండిపోతుంది. పని చక్కగా వచ్చాకే లాగ్‌బుక్‌లో సంతకం పెట్టండి.

5. ఊరికి పంపండి
ఈ చదువులో విద్యార్థులు కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, వాళ్ల ఆరోగ్యం చూస్తూ ఉండాలి. మానుకోట (మహబూబాబాద్) వైపు లంబాడీ తండాల్లో కొందరు పెద్దవయసు ఆడవాళ్లకు మోచేతి పైన వరసగా గాజులుంటాయి. కఫ్ చుట్టాల్సింది సరిగ్గా అక్కడే. "యాడీ (అమ్మా), ఇవి కాస్త తీయొచ్చా?" అని మర్యాదగా అడగాలి. ఆమె వద్దంటే బలవంతం చేయకుండా టీచర్‌ను సంప్రదించాలి.

6. చెక్‌లిస్ట్‌ను తిరగరాయండి
పరీక్షయ్యాక వరసవారీగా లెక్క చూడండి. ఒకే వరస దగ్గర సగం తరగతి తప్పిందంటే మారాల్సింది మన పాఠం. తండా నేర్పిన వరసనూ చేర్చండి: "మోచేతి పైన గాజులున్నాయా? తీసేముందు అడిగారా?"

వచ్చే ఏడాది పిల్లలకు ఆ యాడి కూడా ఒక గురువే.